పగిలిన కుండ మీద నా ఫిర్యాదు

ఒక్క బటన్ నొక్కి మా మరదలి వ్యాపారం ఎట్లా ముంచబోయానో చెప్తాను. నవ్వండి, ఫర్వాలేదు. మా ఇంట్లో వాళ్ళు ఇంకా ఆపలేదు.

సూర్యాపేటలో సోషల్ టీచరుగా రిటైరై, కొత్తగా యూట్యూబ్ ఛానల్ పెట్టిన రోజులవి. వేములపల్లి వరిచేల మీద నేను అల్లిన చరణం కలిపి ఒక బతుకమ్మ పాట ఎక్కించాను. నిద్రలో లేపి అడిగినా తేదీలు చెప్పే మనిషిని కదా, ఆ పాట ఎక్కించిన తేదీని కూడా వచ్చినవాళ్ళకు చాయ్‌తో పాటు వడ్డించేదాన్ని.

ఒకనాడు మా తమ్ముడి భార్య సరోజ ఛానల్ కంటబడింది. సరోజది కోదాడ. ఆ ఛానల్ మీదే పచ్చళ్ళు అమ్ముకుంటుంది. అందులో ఒక వీడియోలో ఆడవాళ్ళు అటు తిరిగి బతుకమ్మ ఆడుతున్నారు. పాట చూస్తే నాదే, నా చరణంతో సహా! పాడేది మాత్రం ఎవరో బొంగురు గొంతావిడ.

లా చదివే నా మనవరాలు కావ్య చెప్పనే చెప్పింది. "అమ్మమ్మా, జర ఆగు. బతుకమ్మ పాట వరుస అందరిది. చరణం కట్టినామెకు ఒక హక్కుంటది, పాడినామెకు ఒకటి, వీడియో తీసినామెకు ఒకటి. ముందుగాల గా పాడింది ఎవరో కనుక్కో."

"ఎవరైతే ఏంది? దొంగ దొంగే!"

కాపీరైట్ ఫిర్యాదు కొట్టాను, నా తేదీ వేసి మరీ. అంతటితో ఆగినా మర్యాద దక్కేది. వీడియో కింద కామెంట్ కూడా పెట్టాను: "పాట దొంగతనం. గొంతు పగిలిన కుండ."

తెల్లారి సరోజ ఫోను.

"వదినా, ఫిర్యాదు మీద నీ పేరుందేంటి? సినిమా పాటలు పెట్టి ముందే రెండు కాపీరైట్ దెబ్బలు తిన్నాను. ఇది మూడోది. మూడైతే ఛానల్ మూసేస్తారంట! దసరాకి పచ్చళ్ళు ఎవరికి అమ్మను?"

"మరి నా చరణం ఎందుకు దొంగిలిచ్చినవ్?"

"నేనా! వీడియోలో పాడే ఆ ఆకుపచ్చ చీరావిడని సరిగ్గా చూడు. మిర్యాలగూడలో ఆ చీర బేరమాడి షాపాయన్ని ఏడిపించిందెవరు? నిరుడు మా వాకిట్లో పాడిందెవరు? నువ్వు పాటలో మునిగి ఉంటే వెనక నుంచి నేనే తీశాను."

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. చీర నాదే. నడుం పట్టుకుని వంగే తీరూ నాదే. వీడియో తేదీ నా ఛానల్ పుట్టకముందుది. లోకంలో తేదీలన్నీ గుర్తుపెట్టుకున్నదాన్ని ఆ ఒక్కటీ చూడలేదు!

కాకి పిల్ల కాకికి ముద్దంటారు గానీ, కాకి తన అరుపు తానే గుర్తుపట్టదని ఏ పెద్దలూ చెప్పలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుంటే యూట్యూబ్ వాళ్ళు కారణం అడిగారు. "దొంగ దొరికింది. నేనే" అని రాశాను. ఛానల్ బతికింది.

ఊరుకున్నానా? "సరోజా, పాడినామె హక్కు పాడినామెదే. కింద నా పేరు పెట్టు" అన్నాను.

"అప్పుడే పెట్టాను వదినా, చూస్కో."

చూసుకున్నాను. "గానం: పగిలిన కుండ."

కాబట్టి మహాజనులారా, బతుకమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బొంగురు గొంతు వినబడ్డా, ముందు ఆమె కట్టిన చీర చూస్తాను. ఆ తర్వాతే దొంగ అంటాను.