ఒకే పళ్లెం, ఆరు నోళ్లు

పిస్కాటవేలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల, ఒక చర్చి బేస్‌మెంట్‌లో పగటిపూట పిల్లల్ని చూసుకునే సెంటర్ ఉంది. ఈ దేశంలో ఉద్యోగం చేసుకోవచ్చనే వర్క్ పర్మిట్ చేతికొచ్చిన వారమే అక్కడ హెల్పర్‌గా చేరాను. "ఎమ్మెస్సీ చదివి ముక్కులు తుడుస్తున్నావా?" అని మావారు ఆటపట్టించారు. తుడిస్తే తప్పేంటట? ఏళ్ల తరబడి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని, ఆ ముక్కులే నాకు ముద్దొచ్చాయి.

సెంటర్ నడిచేది ప్రభుత్వ సాయంతోనే. అమ్మానాన్నల జీతం తక్కువైతే పిల్లల ఫీజు స్టేటే కడుతుంది. మధ్యాహ్నం భోజనం కూడా అటునుంచే. అలా వచ్చిందే రెండు పిలకల పిల్ల. మూడేళ్లుంటాయి. తల్లి వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతుంది. ఈ పిల్ల కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టేది కాదు. నా ప్రాణం ఊరుకుంటుందా? అన్నంలో బీన్స్ మెదిపి, ముద్ద చేసి, "ఆ" అన్నాను. గుటుక్కున మింగింది. పక్కవాడూ నోరు తెరిచాడు. వాడి పక్కదీ తెరిచింది. వారం తిరిగేసరికి ఒకే పళ్లెం, ఆరు నోళ్లు!

సరిగ్గా అప్పుడే స్టేట్ నుంచి తనిఖీకి ఒకావిడ దిగింది. వచ్చీ రాగానే ఆవిడ కళ్లు నా చేతిమీదే పడ్డాయి. గ్లవ్స్ కూడా లేవు మరి. అక్కడి పద్ధతి ప్రకారం పిల్లలు తామే వడ్డించుకుని, ఎవరి కంచంలో వాళ్లు తినాలి. పెద్దవాళ్లు తమ కంచం పెట్టుకుని పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి, అంతే. నెలలో మళ్లీ వస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే సాయం ఆగిపోవచ్చనీ రాసిపెట్టి వెళ్లింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆకలిగా ఉన్న పిల్లకి అన్నం పెట్టడం కూడా నేరమేనా?" అని మా డైరెక్టర్ మీద ఎగిరాను. ఆవిడ తెల్లజుట్టు పెద్దావిడ, గొంతు పెంచడం తెలీదు. "సాయం ఆగితే ముందు పోయేది ఆ పిల్ల సీటే" అంది.

ఆ నెలంతా చూడాలి మా అవస్థ! పిల్లలకి బుల్లి గరిటెలిచ్చాం. అన్నం బల్లమీద, పెరుగు జుట్టులో, పాలు నా బూట్లలో. అయినా ఐదుగురూ నేర్చేసుకున్నారు. రెండు పిలకల పిల్ల మాత్రం నావైపు నోరు తెరుచుకుని కూర్చునేది. నేను చేతులు తొడల కింద పెట్టుకుని సీలింగ్ చూసేదాన్ని. చివరికి రెండు క్యారెట్ ముక్కలు కొరికి లేచిపోయేది. ఇంటికెళ్తే నాకూ అన్నం సహించేది కాదు.

అన్నట్టే తనిఖీ ఆవిడ మళ్లీ వచ్చింది. వచ్చి ఆ పిల్ల ఎదురుగానే కుర్చీ లాక్కుంది. అయిపోయాంరా దేవుడా అనుకున్నాను. పిల్ల నోరు తెరిచింది. నేను కదల్లేదు. కాసేపు చూసి నోరు మూసేసింది. చేతులు దాచుకున్న నన్ను, నా ఖాళీ కంచాన్ని మార్చి మార్చి చూసింది. మెల్లగా గరిటె అందుకుని అన్నం వేసుకుంది, మీద బీన్స్ వేసుకుంది. బుల్లి వేళ్లతో మెదపడం మొదలుపెట్టింది. అచ్చం నాలాగే, కంచం అంచుకి నొక్కి మరీ ముద్ద చేసింది. నావైపు వంగి, నా నోటిదగ్గర పెట్టి, "ఆ" అంది.

బిక్కమొహం వేసుకుని తనిఖీ ఆవిడ వైపు చూశాను. ఆవిడ చేతిలోని టాబ్లెట్ తెరమీద రూల్స్ పైకీ కిందికీ జరిపి చూసింది. "పెద్దవాళ్లు పిల్లలకి తినిపించకూడదనే ఉంది ఇందులో. పిల్లలు పెద్దవాళ్లకి పెట్టకూడదని ఎక్కడా లేదు" అంది.

నోరు తెరిచాను. ఉప్పు చాలని అన్నం, చల్లారిన బీన్స్, అబ్బ, ఎంత కమ్మగా ఉందో! పెళ్లయ్యాక నాకు ముద్ద కలిపి పెట్టిన మనిషి లేడు, మావారితో సహా. అందరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

పిల్ల నన్ను పట్టించుకోలేదు. రెండో ముద్ద చేసి తన నోట్లోనే పెట్టుకుంది. మూడోదీ అంతే. తనిఖీ ఆవిడ టాబ్లెట్ మీద 'పిల్లలు సొంతంగా తింటున్నారు' అన్నచోట వేలితో టిక్ కొట్టింది.