ముట్టకు బాపూ

పోయిన ఆదివారం మా కాలనీలో పిల్లలకు ఈత పోటీలు పెట్టారు. బహుమతులివ్వడానికి మా అక్కను ఒప్పించమని, చెల్లెల్ని కాబట్టి, నన్ను రాయబారం పంపారు. సముద్రపు ఈతలో ఒకప్పుడు వరుసగా మూడేళ్లు ఛాంపియన్‌గా నిలిచిన మనిషి కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తకుండానే, "నాకు ఈత రాదని చెప్పుపో" అంది.

ఆమెకు ఈత నేర్పింది మా నాన్న, బాపు. గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుడు. మొదటి షిఫ్టు దిగాక మసి ముఖంతోనే అక్కను సైకిల్ మీద గోదావరికి తీసుకుపోయేవాడు. అక్క ఈదుతుంటే లుంగీ ఎగ్గట్టి ఒడ్డు వెంబడి నడుస్తూ అరిచేవాడు. తనకు మాత్రం మోకాళ్ల లోతు దాటితే భయం. ఈత రాని గురువని మేం వెళ్లే చర్చిలో అందరూ నవ్వితే తానూ నవ్వేవాడు. పోటీకి ముందు చలికి, ఒరిపిడికి అక్క ఒంటికి పట్టించే గ్రీజు దుప్పట్లను వదలకపోతే అమ్మ, "పిల్లను కన్ననా, మిషిన్‌ను కన్ననా" అంటూ వాటిని బండకేసి బాదేది.

ఇక మిగిలింది శ్రీలంక నుంచి మన ఒడ్డుకు ఈదడం. ఆరేళ్లు అక్క దానికోసమే బతికింది. ఆ రోజు తెల్లవారుతుండగా నీళ్లలోకి దిగింది. పక్కనే పడవలో బాపు, నేను, నియమాలు చూసే పరిశీలకుడు. ఈదే మనిషిని ఎవరైనా ముట్టుకుంటే ఆ ఈత చెల్లదు. తాగే నీళ్లు కూడా కర్రకు కట్టి అందించాలి. మధ్యాహ్నానికి ఒడ్డు మీది గుడిసెలు కనిపించాయి. అప్పుడే జెల్లీచేపలు కుట్టాయి. అక్క ముఖం వాచిపోయింది. వాంతి చేసుకుంది. రెండుసార్లు మునిగి లేచింది.

"ఇగ చాలు బిడ్డా, రా!" అని బాపు చెయ్యి చాపాడు.

"ముట్టకు బాపూ! అచ్చిన... గదే ఒడ్డు! ముట్టకు!"

మూడోసారి మునిగింది. బాపు వంగి జబ్బ పట్టుకుని లాగాడు. పరిశీలకుడు గడియారం చూసి ఏదో రాసుకున్నాడు. పడవలో అక్క ఏడవలేదు. "నేను లేస్తుంటి" అని మాత్రం అంది. లేచేదో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత అక్క నీళ్లలో దిగలేదు. బాపుతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఊపిరితిత్తులు చెడి ఆయన దవాఖానలో పడ్డప్పుడు దగ్గరుండి అన్నీ చేసింది, మనసు విప్పడం తప్ప. ఒక పొద్దున ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "కండ్ల ముంగట మునుగుతాంటె ఎట్ల చూడాలె బిడ్డా?" అన్నాడు. అక్క మాస్కు సరిచేసి, "మాట్లాడకు, ఆయాసమైతది" అంది. రెండు రోజులకు పోయాడు.

పోయినేడు అక్క కూతురు ఒళ్లు కాలే జ్వరంతో పరీక్షకు పోతానని మొండికేసింది. అక్క బయట గొళ్లెం పెట్టి గడపలో కూర్చుంది. లోపల పిల్ల తలుపు బాదుతుండగానే నాకు ఫోన్ చేసి, "బాపు ఉంటే బాగుండు" అంది.

ఇప్పుడు అక్కకు ఆనాటి బాపు వయసు. ఆయన మనసు ఆమెకు అందడానికి ఇన్నేళ్లు కావలసి వచ్చింది. ఆయన దగ్గర అన్నేళ్లు లేవు.