కట్టమని ఎవులు రాసిచ్చారు

మా మేనత్త పోయిందని నేను ఫోన్లు చేసి చెబుతుంటే అందరూ ముందుగా ఏ ఆసుపత్రిలో అని అడిగారు.  చెప్పగానే, "అక్కడికే ఎందుకు తీసుకెళ్ళేరు?" అనేవారు. నేను తీసుకెళ్ళలేదు. ఆవిడే వెళ్తానంది. ఎందుకు వెళ్తానందో తెలియాలంటే ఆవిడ ఎలాంటి మనిషో, ఆ ఆసుపత్రి ఆవిడకేం చేసిందో చెప్పాలి.

అత్త రాయపూర్‌కీ దుర్గ్‌కీ మధ్య, హిందీ మాట్లాడే ప్రాంతంలో ఉన్న చరోదా రైల్వే కాలనీ మనిషి. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి యార్డులో పనికి వచ్చాడు. అత్త బుకింగ్ క్లర్కుగా చేరి, టికెట్ కౌంటర్లోనే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "నాకు డ్యూటీ రోస్టరే మొగుడు" అనేది. ఆదివారం చర్చి అయ్యాక కాలనీ పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేది. మేమంతా హిందీ బడుల్లో చదివినవాళ్ళం. ఈ నాలుగు ముక్కలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆవిడ చలవే. ఒత్తు తప్పు రాస్తే కొట్టేది కాదు. పలక మా ముందుకి తోసి, తప్పేదో మేమే కనుక్కునేదాకా కదలకుండా కూర్చునేది. అలా కదలకుండా కూర్చునే మనిషితో పెట్టుకుంటే ఏమవుతుందో తర్వాత కొందరు పెద్దవాళ్ళకి కూడా తెలిసొచ్చింది.

అరవై దాటాక కూడా స్కూటీ మీద సుపేలా బజారుకి వచ్చేది. మా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టేది, దిగేది కాదు. "ఏటే కోడలా, సంచీ పట్రా" అని చేపలో తోటకూరో అందులో పడేసి, నేను నోరు తెరిచేలోపల వెళ్ళిపోయేది.

అలాంటి మనిషి బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నెహ్రూ నగర్ వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగానే అయింది. మర్నాటికి జ్వరం వచ్చి మతి తప్పింది. తాను కౌంటర్లో ఉన్నాననుకుని, "చిల్లర లేదు, పక్క కౌంటరుకెల్లండి" అని నర్సుల్ని కసిరింది. సెలైన్ గొట్టం పీకేసింది. పెద్దవయసులో ఆపరేషన్ తర్వాత కొందరికి అలా అవుతుందట, మెల్లగా సర్దుకుంటుందట. ఐసీయూలోకి మార్చి, అక్కడ ఇంటివాళ్ళెవరూ ఉండకూడదని మమ్మల్ని పంపించేశారు.

పొద్దున్న విజిటింగ్ టైముకి నేను లోపలికి వెళ్ళేసరికి అత్త రెండు చేతులూ మంచం కడ్డీలకి గాజుగుడ్డతో కట్టేసి ఉన్నాయి. అప్పటికి ఆవిడకి తెలివి పూర్తిగా వచ్చేసింది. పక్కబట్ట తడిసిపోయి ఉంది. కుడి మణికట్టు దగ్గర ముడి మాంసంలోకి దిగిపోయి, వేళ్ళు నల్లగా ఉబ్బిపోయి ఉన్నాయి. నన్ను చూసి ఏడవలేదు.

"ఇప్పు" అంది.

ముడి గోళ్ళకి లొంగలేదు. పళ్ళతో కొరికి తెంపాను. నర్సు పరిగెత్తుకొచ్చి, "దీదీ, విప్పొద్దు, రాత్రంతా చాలా గొడవ చేశారు" అంది హిందీలో.

అత్త పడుకునే అడిగింది. "కట్టమని ఎవులు రాసిచ్చారు?" ఆ పిల్లకి అర్థం కాలేదని మళ్ళీ హిందీలో అడిగింది. 

ఎవరూ రాయలేదు. కట్టాలంటే డాక్టరు వచ్చి చూసి, కారణం రాసి సంతకం పెట్టాలి. ఇంటివాళ్ళకి చెప్పాలి. కట్టాక ఊరుకోకూడదు, మధ్యమధ్య వచ్చి చెయ్యి ఎలా ఉందో చూడాలి, చూసినట్టు రాయాలి. అవసరం తీరగానే విప్పాలి. ఇవన్నీ ఆ ఆసుపత్రి తనకి తాను రాసి పెట్టుకున్న నియమాలే. తనిఖీకి వచ్చేవాళ్ళకి చూపించడానికి రాసుకున్నారు తప్ప, మంచం మీదున్న మనిషి కోసం కాదు.

ఆ కుడిచేతి వేళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు. లోపలికి ముడుచుకుని అలాగే బిగుసుకుపోయాయి. స్కూటీ యాక్సిలరేటర్ తిప్పే చెయ్యి అది.

కాస్త నడవగలిగాక నన్ను తోడు తీసుకుని ఆసుపత్రి పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. ఆయన మర్యాదగా టీ తెప్పించాడు. "మాతాజీ, మీ మంచికే కట్టాం. మంచం మీంచి పడితే మీరే కేసు వేసేవారు కదా" అన్నాడు. అత్త ఎడమచేత్తో టీ తాగి కప్పు కింద పెట్టి, ఎవరు రాశారని అడిగింది. "అంత హడావుడిలో రాసుకుంటూ కూర్చుంటామా?" అని నవ్వాడు.

"ఈ మాట దుర్గ్‌లో జడ్జిగారి ముందు కూడా ఇలాగే నవ్వుతూ చెప్పండి" అని లేచింది.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

వినియోగదారుల కమిషన్లో కేసు వేశాక ఆసుపత్రివాళ్ళు రాజీకి మా పాస్టరుగారిని పట్టుకున్నారు. పాపం ఆయన మంచివాడు. అత్త ఇంటికొచ్చి చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి, "అమ్మగారూ, క్షమించడం మన ధర్మం కదా" అన్నారు.

"అయ్యగారూ, క్షమించడం దేవుడి డ్యూటీ. ఆయన షిఫ్టులో నాను ఏలు పెట్టను. నా షిఫ్టు ఏరు" అంది అత్త.

కేసు తేలడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నీ ఆవిడ ఊరికే ఉండలేదు. కాలనీ నుంచి ఎవరో ఒకరు ఆ ఆసుపత్రిలో పేషెంటుగా ఉండేవారు. అత్త చేతికర్ర పట్టుకుని వాళ్ళని చూడ్డానికి ఆటోలో వెళ్ళేది. గార్డు ఆపితే, "మా చర్చి మనిషి, ప్రార్థన చెయ్యాలి" అనేది. ప్రార్థన నిజంగానే చేసేది, కాకపోతే పొట్టిగా. ఆమెన్ అనగానే దుప్పటి ఎత్తి పేషెంటు మణికట్లు చూసేది. తర్వాత అటు మంచం, ఇటు మంచం. ఎక్కడైనా కట్టు కనబడితే నేరుగా నర్సుల బల్ల దగ్గరికి పోయి అదే ప్రశ్న అడిగేది. జవాబు వచ్చేదాకా అక్కడే కుర్చీలో కూర్చునేది. మొదట్లో ఆవిడ వస్తోందంటే గబగబా విప్పేసేవారు. పోనుపోను డాక్టర్లని పిలిచి రాయించడం మొదలుపెట్టారు. ఒకరోజు ఒక మంచానికి డాక్టరు సంతకంతో కాగితం తగిలించి ఉందని, కింద నర్సు వచ్చి చూసిన వేళలు కూడా రాసి ఉన్నాయని మా ఇంటికొచ్చి చెప్పింది.

"సంతోషమేనా అత్తా?" అన్నాను.

"బయపడతన్నారే. బయపడనీ" అంది.

తీర్పు మా వైపు వచ్చింది. పరిహారంతో పాటు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పమన్నారు. కాగితం పోస్టులో వస్తే తీసుకోనని, పెద్ద డాక్టరే తెచ్చివ్వాలని అత్త వకీలు చేత కబురు పంపింది. వ్యవహారం పేపరుకెక్కకుండా ముగిస్తే చాలనుకున్నారేమో, ఆయన అత్త ఇంటికి వచ్చాడు. ముందుగదిలో కుర్చీ వేశాను. టీ ఇవ్వొద్దని అత్త ముందే చెప్పి ఉంచింది.

ఆయన కాగితం చాపాడు. అత్త ముడుచుకుపోయిన కుడిచెయ్యి చాపింది. "ఈ వేళ్ళు తెరిచి ఇందులో పెట్టండి. ఒక్కొక్కటే తెరవండి" అంది హిందీలో.

ఆయన చూపుడువేలు పట్టుకుని మెల్లగా లాగాడు. అత్త ముఖం కందిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"నొప్పి పుడుతుంది మాతాజీ."

"పుడుతుంది. కానివ్వండి."

రెండో వేలు దగ్గర ఆయన వదిలేశాడు. కాగితం బల్లమీద పెట్టి తల దించుకుని కూర్చున్నాడు. అత్త ఆయన్నలా చాలాసేపు కూర్చోనిచ్చింది. తర్వాత, "ఇక వెళ్ళండి" అంది. క్షమించానని అనలేదు.

గుమ్మం దాటుతున్నప్పుడు ఆయన ముఖం చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు హాయిగా ఉంటుంది. మంచిదానిలా నటించలేను. తర్వాత కొన్నాళ్ళకి ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించారని తెలిసినరోజు, నేను పనిచేసే స్కూల్లో స్టాఫ్ అందరికీ జిలేబీలు పంచాను. ఎందుకని అడిగితే మా అత్త పుట్టినరోజని చెప్పాను.

పోయిన నెల అత్తకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆటో పిలిచి, రాయపూర్ తీసుకెళ్ళనా అంటే తల అడ్డంగా ఊపింది. "అక్కడికే పద. నా సేతుల్ని ఏటి సేస్తారో సూస్తాను" అంది.

వాళ్ళు గుర్తుపట్టారు. వార్డులో అందరి అడుగులూ మెత్తబడ్డాయి. జ్వరం తలకెక్కి ఆక్సిజన్ మాస్కు లాగేస్తుంటే నర్సు నా దగ్గరికి వచ్చి, "దీదీ, మేం కట్టం. మీరు పక్కన ఉండి చెయ్యి పట్టుకోండి. మిమ్మల్ని లోపల ఉండనివ్వమని డాక్టరుగారు రాశారు" అంది.

అత్త కళ్ళు తెరిచి, మాస్కు లోపల్నుంచి, "రాసేరా?" అంది.

"రాసేరు అత్తా."

పక్క మంచం మీది ముసలాయన వైపు కళ్ళతో చూపించింది. లేచి ఆయన దుప్పటి ఎత్తి చూశాను. చేతులకి ఏ కట్టూ లేదని చెప్పాను. ఆ తర్వాత ఆవిడ మాట్లాడిన మాటలు నాకు సరిగా వినబడలేదు. నా చేతిలో చెయ్యి ఉండగానే పోయింది.

ఆ ఆసుపత్రి నుంచి పూలచక్రం వచ్చింది. తెచ్చినతని చేతికే తిరిగిచ్చి పంపేశాను. వాళ్ళని క్షమించమని అత్త నాకు చెప్పి పోలేదు.

చర్చి ఆడవాళ్ళు స్నానం చేయించి, ఆవిడకిష్టమైన నీలం చీర కట్టారు. పెట్టెలో పడుకోబెట్టాక వాళ్ళలో పెద్దావిడ చేతులు రెండూ గుండెల మీద చేర్చి, చిన్న గుడ్డపేలిక తీసింది. "కట్టాలమ్మా, లేపోతే నిలవవు" అంది.

"వద్దు" అన్నాను.

ఆవిడ పాస్టరుగారి వైపు చూసింది. ఆయన, "వద్దులెండి" అన్నారు.

చేతులు నిలవలేదు. మూత వెయ్యని పెట్టెని భుజాలమీద మోస్తూ యార్డు పక్క దారిలో నడుస్తుంటే, ఎడమచెయ్యి మెల్లగా జారి అంచు మీదికి వచ్చింది. రైల్లో కిటికీ పక్క సీటు దొరికిన మనిషి చెయ్యిలా అక్కడ ఆనుకుని ఉండిపోయింది. సమాధుల దాకా ఎవరూ దాన్ని లోపలికి పెట్టలేదు.