దక్షిణం చూసిన ప్యానెళ్ళు

మొగల్తూరులో ఎవరింట్లో ఫ్యాను వంకరగా తిరిగినా జక్కరయ్యకి అన్నం సహించదు. లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి భోజనానికి పిలిస్తే విస్తరి వదిలేసి షామియానాకి కట్టిన వైర్ల వంక చూస్తూ కూర్చుంటాడు. ఆయన చేతుల్లో తప్పు జరగదు. ఆ మాట ఆయనే చెబుతాడు. అది మొదలెట్టాడంటే చాలు, భార్య సువార్తమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

అలాంటి మనిషిని చర్చి ద్వారా ఒక సేవాసంస్థ మలావీ దేశం తీసుకెళ్ళింది. ఆఫ్రికాలో కరెంటు లేని ఊళ్ళ ఆస్పత్రులకి సోలార్ పెట్టడం వాళ్ళ పని. జీతం లేదు, తిండీ టిక్కెట్టూ వాళ్ళవి. వాళ్ళ ఇంజనీరు వేరే ఊరు వెళ్ళాల్సొచ్చి, అనుభవం ఉన్న మనిషి కదా అని ఒక ఆస్పత్రి మొత్తం ఆయనకే వదిలేశాడు. ఇంకేముంది, జక్కరయ్యకి కాలు నేల మీద ఆనలేదు. డిసెంబరు ఎండలో కప్పెక్కి ప్యానెళ్ళు బిగించాడు. మన తీరంలో చేసినట్టే, తుపాను వస్తే దించుకునేలా బోల్టులకి గ్రీజు పట్టించి, విప్పడం, బిగించడం ఊరివాళ్ళకి నేర్పాడు. పసిపిల్లల టీకాలు దాచే ఫ్రిజ్ చల్లబడింది. పురుళ్ళ గదిలో లైటు వెలిగింది. నర్సు ఎస్తేరు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

ఇంటికొచ్చాక ఇదంతా ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యంగా చెప్పాడు. అడిగినప్పుడు చెప్పాడు, అడక్కపోయినా చెప్పాడు.

జూన్‌లో ఒకరోజు జక్కరయ్య, కిరాణా కొట్టు అమ్మిరాజు వాళ్ళ డాబా మీద ప్యానెళ్ళు పెడుతున్నాడు. అమ్మిరాజు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"దక్షిణం వైపే ఎందుకండీ? తూర్పైతే వాస్తుకి బాగుండేది కదా."

"వాస్తు కాదండీ, ఎండ చూసుకోవాలి. భూమధ్యరేఖ మనకి దక్షిణాన ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు సూర్యుడు అటు వాలే తిరుగుతాడు. అందుకని ఎక్కడైనా సరే..."

మాట సగంలో ఉండగానే జక్కరయ్యకి మలావీ గుర్తొచ్చింది. అది భూమధ్యరేఖకి అవతల ఉంది. అక్కడ ప్యానెళ్ళు ఉత్తరం చూడాలి. తను అలవాటు కొద్దీ దక్షిణానికి తిప్పి వచ్చేశాడు. డిసెంబరులో అక్కడ సూర్యుడు దక్షిణాన ఉంటాడు గనక అన్నీ భేషుగ్గా పనిచేశాయి. ఇప్పుడు సూర్యుడు ఉత్తరానికి వెళ్ళిపోయాడు. ప్యానెళ్ళ మీద ఎండ సరిగ్గా పడదు. బ్యాటరీ నిండదు, ఫ్రిజ్ ఆగుతుంది, టీకాలు పాడైపోతాయి.

"ఏంటండీ అలా అయిపోయారు? మంచినీళ్ళు తెప్పించమంటారా?"

"ఫోన్ చెయ్యాలండీ" అంటూ జక్కరయ్య స్పానర్ అక్కడే పడేసి మెట్లు దిగిపోయాడు.

ఎస్తేరు ఫోన్ కలవలేదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని కూడా ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

"పసిపిల్లలకి ద్రోహం చేశాను సువార్తా" అన్నాడు చివరికి. "పైగా దేవుడి మందిరంలో నిలబడి గొప్పలు చెప్పుకున్నాను."

సువార్తమ్మ ఈసారి వంటింట్లోకి వెళ్ళలేదు. పక్కన కూర్చుంది. "మళ్ళీ చెయ్యండి. ఎత్తేదాకా చెయ్యండి."

సాయంత్రానికి ఎస్తేరు ఎత్తింది. జక్కరయ్య ఇంగ్లీషు మామూలుగానే అంతంతమాత్రం. ఆ కంగారులో సగం తెలుగే మాట్లాడాడు. అయినా "నార్త్, నార్త్" అని మొత్తుకోవడం ఆమెకి అర్థమైంది. పకపకా నవ్వింది.

మార్చిలో అక్కడ తుపాను వచ్చిందట. ఊరివాళ్ళు ఆయన నేర్పినట్టే బోల్టులు విప్పి ప్యానెళ్ళు దించి లోపల పెట్టారట. పక్క ఊరి బడి మీదవి ఎగిరిపోయాయి, వీళ్ళవి మాత్రం దక్కాయి.

"మళ్ళీ పెట్టేటప్పుడు ఉత్తరానికి తిప్పాం. ఇక్కడ అందరూ పెట్టేది అలాగే కదండీ" అంది ఎస్తేరు.

"మరి నాకు చెప్పలేదేంటమ్మా?"

"మీరు కాలాన్ని బట్టి పెట్టారనుకున్నాం. డిసెంబరులో ఎండ అటే ఉంటుంది కదా!"

హమ్మయ్య అనుకున్నాడు జక్కరయ్య. పొద్దున్నుంచీ గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. అయినా మనసాగక, "ఫ్రిజ్ ఆడుతోందా?" అని మళ్ళీ అడిగాడు. ఎస్తేరు ఫోన్ తీసుకెళ్ళి ఫ్రిజ్‌కి ఆనించింది. సన్నగా, ఆగకుండా వస్తున్న ఆ మోత వింటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫోన్ భార్య చేతిలో పెట్టాడు.

"విను."

"ఫ్రిజ్ చప్పుడే కదండీ!"

"ఆయ్, అదే. విను."

సువార్తమ్మ కదలకుండా చాలాసేపు వింది.

"ఈ ఆదివారం ఇది చెప్పండి" అంది, ఫోన్ తిరిగిస్తూ. "తప్పుతో సహా చెప్పండి. నేను ముందు వరసలో కూర్చుని వింటాను."