కప్పిపెట్టిన గుంత, అతుక్కున్న కాలు

ఆ పొద్దున కుట్టిన జాకెట్లు ఇచ్చి వద్దామని బయల్దేరాను. గడప దిగి నాలుగడుగులు వేశానో లేదో, కుడికాలి కింద కంకర జారింది. మురుగు పైపుల కోసం మా వీధిని తవ్వి, సగం పూడ్చి, మూడు నెలలుగా అలాగే వదిలేసిన గుంతలో పడ్డాను. నొప్పి కంటే ముందు భయం వేసింది. పాదం నేను చెప్పని వైపుకు తిరిగి ఉంది.

మాది పల్నాడులో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను, రాస్తే మళ్లీ పంచాయితీ. నాకసలే నోరెక్కువని పేరు.

ఆటో లోపలికి రాలేకపోయింది. ఎదురింటి సుభాని, మా ఆయన కలిసి నన్ను నులక మంచం మీద వీధి చివరిదాకా మోశారు. సుభాని నాపరాళ్ల క్వారీలో పనిచేస్తాడు, నన్ను అక్కా అంటాడు. నరసరావుపేటలో ఎక్స్‌రే తీసి, "టిబియా ఫ్రాక్చర్ అమ్మా, మోకాలి కింది ఎముక విరిగింది, ప్లేట్ వేయాలి" అన్నారు డాక్టరుగారు.

ఆపరేషన్ అయ్యాక ఎప్పటికి నడుస్తానని అడిగాను.

"ప్లేటూ స్క్రూలూ ఎముకను కదలకుండా పట్టుకుంటాయి, అంతే. అతకడం మా చేతుల్లో లేదు. అది ఎముకే చేసుకోవాలి. ఆరు వారాలు కాలు కింద మోపొద్దు."

నా బతుకంతా కుట్టుమిషను తొక్కడమే. ఆ కాలు రాకపోతే నా సంగతేమిటని మంచం మీద పడుకుని ఒకటే దిగులు.

అన్నాళ్లూ వీధిలో అందరం నోటితో తిట్టుకోవడమే తప్ప ఎవరమూ కాగితం ఇవ్వలేదు. మా ఆయనతో రాయించి మున్సిపల్ ఆఫీసుకు పంపాను. కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది, రేపు ఏఈగారు, అంటే మున్సిపల్ ఇంజనీరు, వచ్చి చూస్తారని.

ఇక చూడాలి మా వీధి హడావిడి! ఆఫీసరు వస్తుంటే వీధి అసహ్యంగా కనపడితే పరువేం కాను? తెల్లారేసరికి ఆడవాళ్లు ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గులు పెట్టేశారు. సుభాని క్వారీ నుంచి ట్రాక్టర్లో రాతి డస్టు తెచ్చి గుంత పూడ్చి, పైన నాపరాళ్లు పరిచాడు. "ఇంక నువ్వు హాయిగా నడవచ్చక్కా" అన్నాడు. నా ఒక్క కాలి కోసం ఇంతమందా అని కిటికీలోంచి చూస్తూ ఏడ్చాను. నాకూ తట్టలేదు మేం చేస్తున్న పని ఏమిటో.

ఏఈగారు ఆ రాళ్ల మీదే నిలబడి ఫొటో తీసుకున్నారు. "బాగానే ఉంది కదమ్మా, ఫిర్యాదు దేనికి?" అంటూ మజ్జిగ తాగి వెళ్లారు. సాయంత్రానికి ఫోన్‌లో మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడినది.

"ఒరేయ్ సుభానీ, ఎంత పని చేశావురా!"

"నేనేం చేశానక్కా? నీ కోసమేగా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతన్ని అనడమెందుకు, నేను చేసింది మాత్రం ఏమిటి? ఆరు వారాల చెకప్‌కి నొప్పి మాత్ర వేసుకుని వెళ్లి, అసలు నొప్పే లేదని చెప్పాను. వాకర్‌తో కొంచెం కొంచెం మోపమన్నారు. మొదటి వానకే డస్టు కొట్టుకుపోయి, నాపరాయి ఊగి, వాకర్‌తో సహా పడ్డాను.

మళ్లీ ఎక్స్‌రే. "ఒక స్క్రూ లూజైంది. ఎముక కూడా అనుకున్నంత అతకలేదు. ముందు నుంచీ నొప్పి ఉందా?"

"ఉంది సార్. మీ ముందు మూలగడం బాగుండదని మాత్ర వేసుకొచ్చాను."

డాక్టరుగారు తల పట్టుకున్నారు. "నా దగ్గరే దాస్తే నేనేం చూడాలమ్మా? ఇంకో ఆరు వారాలు మోపొద్దు. ఈసారీ అతక్కపోతే వేరేచోటి ఎముక తీసి అక్కడ పెట్టాలి, బోన్ గ్రాఫ్టింగ్, మళ్లీ ఆపరేషన్."

ఇంటికి రాగానే సుభానిని పిలిచి రాళ్లు తీసేయమన్నాను.

"ఏందక్కా ఇది? చానా కష్టపడి పరిచానే!"

"తెలుసురా. అయినా తీసెయ్."

అతను గునపం తెచ్చి, తన చేత్తో పరిచిన రాళ్లను తనే ఒక్కొక్కటీ పెకిలించాడు. ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఈసారి ఫిర్యాదుతో ఫొటోలు కూడా పంపాను. ఏఈగారు వచ్చేసరికి గుంత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"మొన్న బాగుందిగా?"

"మొన్న మేం కప్పిపెట్టాం సార్. తప్పు మాదే. ఇప్పుడు చూడండి" అని ఎక్స్‌రేని ఎండకు ఎత్తి పట్టుకున్నాను. ఆయన ప్లేటు వంకా స్క్రూల వంకా చాలాసేపు చూశారు.

"ఎక్కడ పడ్డారు?"

"మీ కాలి పక్కనే సార్."

ఆయన గుంతలోకి దిగి, స్వయంగా టేపు పట్టి కొలిచారు. రెండు వారాల్లో సిమెంటు రోడ్డు పడింది.

చివరి ఎక్స్‌రేలో డాక్టరుగారు వేలు పెట్టి చూపించారు. "విరిగిన చోట తెల్లగా మబ్బులా ఉంది చూడమ్మా. కాలస్. కొత్త ఎముక."

నేను దిగులుపడుతూ, అందరినీ తిడుతూ, కునుకు తీస్తూ ఉంటే, లోపల నా ఎముక ఎవరూ చెప్పకుండానే తన పని తాను చేసుకుపోయింది! నాకు నోట మాట రాలేదు. "ఏమే, మాట్లాడవేంది?" అని మా ఆయన కంగారుపడ్డాడు.

ఇప్పుడు మిషను తొక్కుతున్నాను. చలికాలం కాస్త కుంటుతాను, అంతే. నాలా మంచాన పడ్డవాళ్లకు ఒక్కటే చెబుతాను. మాత్ర వేసుకుని వెళితే వేసుకున్నానని డాక్టరుకు చెప్పండి. నొప్పి ఉంటే ఉందనండి, ఎక్కడో వేలు పెట్టి చూపించండి. బాగుచేసేవాళ్ల ముందు బాగున్నట్టు కనబడాలని చూసి నేను ఆరు వారాల నడక పోగొట్టుకున్నాను.