డాక్టరుగారికి సిక్ రాసిన రోజు

నా చిన్నప్పుడు ఇంట్లో అందరూ నన్ను ప్రశ్నల పుట్ట అనేవారు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో నా అంతగా జనాన్ని విసిగించిన పిల్ల ఇంకొకతె ఉండి ఉండదు. వర్క్‌షాపు సైరన్ ఆదివారం ఎందుకు మోగదు, పక్కింటి బెంగాలీ దీదీ చేప తలకాయను అంత ముద్దుగా ఎందుకు వండుతుంది, ఇలా ఒకటా రెండా! అన్నిటికంటే నన్ను వేధించింది మాత్రం మా డాక్టరుగారి సంగతి. పొద్దున్నపూటే ఆయన దగ్గర లవంగాల వాసన ఎందుకొస్తుంది? దాని కింద ఇంకో వాసన, జీతాల రోజు సాయంత్రం మా వీధిలో వచ్చేది, ఎందుకుంటుంది?

అమ్మనడిగితే నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. అందరికీ తెలుసని నాకు తర్వాత తెలిసింది. ఆయన హస్తవాసి మంచిదని మా క్వార్టర్ల లైనంతటికీ నమ్మకం. టైఫాయిడ్ వచ్చిన పిల్లల్ని ఎంతమందినో బతికించారు. అలాంటి మనిషి తాగుతున్నాడన్న మాట ఎవరూ పైకి రానిచ్చేవారు కాదు. తాగొచ్చిన డ్రైవరును ఫోర్‌మన్ కంట పడకుండా తోటివాళ్ళు ఎలా దాచేవారో, ఈయన్నీ అలాగే దాచారు. ఒకరు లవంగాలిస్తే ఇంకొకరు నిమ్మకాయ పిండిన మజ్జిగ పంపేవారు. ఆ గ్లాసు మోసుకెళ్ళే పని చాలాసార్లు నాదే. అదే మంచి చెయ్యడమనుకున్నారు పాపం.

ఒక ఎండాకాలం నా చెవి కింద గడ్డ లేచి, చీముపట్టి, మెడ తిప్పలేకపోయాను. మా తాతయ్య బొగ్గింజను డ్రైవరు. నన్నెత్తుకుని డిస్పెన్సరీకి తీసుకెళ్ళాడు. డాక్టరుగారు బల్ల మీద పడుకోబెట్టి, కొయ్యాలి, కదలకు బంగారూ అన్నారు. నేను కదల్లేదు. ఆయన చెయ్యే కదులుతోంది. పట్టుకున్న కత్తి ట్రే అంచుకు తగిలి టకటకమంటోంది. భయం తర్వాత వేసింది గాని, ముందు నాకు ఆశ్చర్యమే. ఇంత ఎండలో ఈయనకి చలేమిటి?

తాతయ్య ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. “వద్దు బాబూ. పిల్ల పీక కాడ కత్తి. పక్కనెట్టీండి.”

డాక్టరుగారి మొహం కందగడ్డయింది. “నువ్వా నాకు చెప్పేది? బయటికి నడు!” అని అరిచారు. తాతయ్య గొంతు పెంచలేదు, చెయ్యీ వదల్లేదు.

“గేపకముందా బాబూ? ఒకపాలి నానూ ఇలాగే వణుక్కుంటా మీకాడికొచ్చినాను. రేతిరి తాగినాను, బండెక్కలేనని సెప్పినాను. మీరు తిట్టనేదు. సిక్ రాసి ఇంటికంపినారు. ఆయేల నా బండిలో జనం బతికిపోనారు. ఈయేల మీకు నాను సిక్ రాసినాననుకోండి.”

ఒంట్లో బాగాలేనివాడు డ్యూటీ ఎక్కకూడదు, డాక్టరు సిక్ రాస్తే ఇంటికెళ్ళిపోవచ్చు. రైల్వేలో పద్ధతి అది. ఊరందరికీ సిక్ రాసే ఆయన ఆ మాటకి స్టూలు మీద కూలబడ్డారు. నా నోరు ఊరుకుంటుందా? “మరి మీకు బాగోపోతే ఎవులు సూత్తారు?” అనేశాను.

ఆయన కత్తి ట్రేలో పెట్టేశారు. “ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా,” అని రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చారు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను చూసింది అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది.

ముగ్గురం ఒకే రిక్షాలో పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడి పెద్ద డాక్టరు నా గడ్డ కోస్తుంటే మా డాక్టరుగారే నా తల ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత వాళ్ళిద్దరూ తలుపేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. కొన్ని నెలలు ఆయన కనబడలేదు. తిరిగొచ్చాక లవంగాల వాసన లేదు. అయినా ఎప్పుడైనా ఒక రోజు, డాక్టరుగారు సిక్‌లో ఉన్నారని కాంపౌండరు చెప్పేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు, మజ్జిగా పంపేవారు కాదు. తాతయ్య వాళ్ళింటికెళ్ళి కూర్చునొచ్చేవాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. చెవి కింద ఆ గీత ఇంకా వేలికి తగులుతుంది. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా నా గోడు మొదలెట్టకముందు ఆ మాట అడిగేస్తాను. మా అబ్బాయి తల కొట్టేసినట్టు సిగ్గుపడతాడు, పడనీ. మొన్న కంటి డాక్టరమ్మనీ అడిగాను, మీ ఒంట్లో ఎలా ఉంటోందమ్మా, మిమ్మల్నెవరు చూస్తారు అని. ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో టార్చి బల్ల మీద పెట్టి, కుర్చీ నా దగ్గరికి లాక్కుంది.