గాజుతొట్టెలో ఊడ్పులు

మా డెల్టాలో బురద గురించి అభిప్రాయం లేని మనిషి ఇంతవరకూ నాకు తారసపడలేదు. రాజకీయాల గురించి అడిగితే కొందరైనా తప్పుకుంటారు. పత్రికలో పనిచేసిన రోజుల్లో అలాంటివాళ్ళ నోట ఒక్క వాక్యం రాబట్టడానికి రెండు టీలు తాగించాల్సి వచ్చేది. బురద సంగతి అలా కాదు. వరిచేలో బురద, చెరువులో బురద, కాలవలో బురద, దేని గురించైనా అడక్కుండానే చెబుతారు. తణుకులో మా హాల్లో ఒక గాజుతొట్టె వెలిశాక ఆ జ్ఞానమంతా మా ఇంటికే రావడం మొదలైంది.

తొట్టె మా ఆవిడది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక రాజమండ్రి వెళ్ళి తెచ్చుకుంది. అడుగున నల్లమట్టి గుళికలు, వాటి మీద సన్నటి ఇసుక, అందులో కిక్కిరిసిన మొక్కలు. ముందు పచ్చిక, వెనక పొడుగాటి ఆకులు, మధ్యలో ఒక మెలితిరిగిన కర్ర. వాటి మధ్య నుంచి లోపలికి వంకరగా వెళ్ళే ఒక ఇసుక దారి. ఆ దారిలో ఒక్క మొక్కను కూడా ఉండనిచ్చేది కాదు. అది ఎక్కడికి వెళుతుందని అడిగితే, "ఎక్కడికీ వెళ్ళదండి. అందుకే బాగుంటుంది" అంది. చేపలు అగ్గిపుల్లంతవి. ఆ అడవికి జనాభా ఉండాలి కాబట్టి ఉన్నాయి.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ ప్రతిదీ ఎవరితోనో పంచుకుంది. తరగతి గదిని పక్క సెక్షన్‌తో, ఆఫీసు గదిని గుమాస్తాతో, వంటగదిని మా అమ్మతో. ఈ తొట్టెలో మాత్రం తన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి మునగకూడదని నియమం పెట్టింది. నాకూ మినహాయింపు లేదు. తాను ఊళ్ళో లేనప్పుడు పైనుంచి మేత చల్లడం వరకే నాకు అనుమతి.

మా చర్చిలో స్త్రీల సమాజంవారు శుక్రవారం సాయంత్రాలు వంతులవారీగా ఒక్కొక్కరింట్లో ప్రార్థన పెట్టుకుంటారు. మా వంతు వచ్చినప్పుడు, వాళ్ళందరిలోకీ పెద్దావిడ కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టె ముందు చాలాసేపు నిలబడింది.

"అంతా బానే ఉంది గానమ్మా, అడుగున మురికి పేరుకుపోయింది. ఎప్పుడూ కడగవా?"

"అది మురికి కాదండి. చేపలు వదిలిందే. మొక్కలకి ఎరువు."

"ఎరువైతే మాత్రం హాల్లో పెట్టుకుంటామా అమ్మా!"

అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారులు జోకు వేసినప్పుడు నవ్వే నవ్వు అది.

మళ్ళీ మా వంతు వచ్చేలోపు ఆ మురికి పోవాలని, ఒక్క మొక్కయినా కదలకూడదని ఆవిడ పట్టుదల. తొట్టె అమ్మిన దుకాణం అతన్ని ఫోన్‌లో అడిగింది. మొక్కలు దట్టంగా ఉన్న చోట గొట్టం లోపలికి గుచ్చకూడదని, ఇసుక మీద తాకీ తాకకుండా తిప్పుతూ పైపై మురికిని మాత్రమే లాగాలని అతను చెప్పాడు. రోజూ మధ్యాహ్నం ఆవిడ స్టూలు వేసుకుని సన్న గొట్టంతో అదే పని. తాకకుండా తిప్పితే పచ్చిక సందుల్లో మురికి రాదు. కాస్త తాకిస్తే మురికితో పాటు పచ్చిక కూడా వస్తుంది. కొత్త ప్రభుత్వాలు పాత శాఖల్ని ప్రక్షాళన చేయడం చాలాసార్లు దగ్గరుండి చూశాను గనుక నాకు ఈ ఇబ్బంది వెంటనే అర్థమైంది.

మళ్ళీ మా వంతు వచ్చిన శుక్రవారం ఆవిడ ఫలహారాలకని బజారుకు వెళ్ళిన సమయంలో మా బావమరిది వచ్చాడు. అతను ఆకివీడు వైపు చేపల చెరువులు చూసుకుంటాడు. చేతిలో ఉన్న శీలావతి చేపను ఫ్రిజ్‌లో పెట్టి, తొట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గ్యాస్ పట్టేసిందండి బావగారూ. ఆ బుడగలు చూడండి."

అవి వెలుతురు బాగా పడినప్పుడు ఆకులు వదిలే బుడగలు. వాటిని నాకు చూపించి మా ఆవిడ మురిసిపోయేది. ఆ మాటే చెప్పాను.

"అక్కకేం తెలుసండి, సోషల్ టీచరు. గొలుసు ఉందా అండి ఇంట్లో?"

చెరువు అడుగున చెడ్డ గ్యాస్ చేరితే, తాడుకు గొలుసులు కట్టి, రెండు గట్ల మీదా మనుషులు నిలబడి ఈ కొస నుంచి ఆ కొసకు ఈడుస్తారు. బురద కదిలి గ్యాస్ పైకి పోతుంది. అక్కడ అందరూ చేసేదే.

"మీ అక్కని రానివ్వవయ్యా."

"అక్క వచ్చేసరికి అద్దంలా ఉండాలండి. ఆశ్చర్యపోవాలి."

ఆశ్చర్యపోయింది. ఆ ఒక్కటీ అతను చెప్పినట్టే జరిగింది.

రైల్లో సూట్‌కేసును సీటుకు కట్టుకునే గొలుసు దొరికింది. దాన్ని ఉప్పునీళ్ళలో శ్రద్ధగా కడిగాడు. రెండు చివర్లా పురికొస కట్టి, ఒకటి నా చేతికిచ్చాడు. ఎవరి చెయ్యీ మునగకూడదన్న నియమం గుర్తు చేశాను. "చెయ్యెందుకు మునుగుద్దండి? మునిగేది గొలుసే కదా" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. అలా అవతలి గట్టు నేనయ్యాను.

మొదటి ఈడుపుకే హాలంతా కుళ్ళిన గుడ్ల వాసన.

"గ్యాస్ ఉందన్నానా లేదా!" అన్నాడు విజయగర్వంతో.

రెండో ఈడుపుకు అడవి మొత్తం లేచి వచ్చింది. పచ్చిక చాపలా పైకి తేలింది. తొట్టె నీళ్ళు కొత్తనీరు వదిలిన రోజు కాలవలా బురదగా అయ్యాయి. అందులోంచి చేపలు ఒక్కొక్కటే పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి.

"తల ఎత్తేశాయండీ!" అని అరిచాడు. నీళ్ళలో గాలి చాలడం లేదన్న ఆ మాటకు చేపల రైతులు అర్ధరాత్రి అయినా పరిగెత్తుతారు. అతను బకెట్ తెచ్చి, బోరు నీళ్ళు పట్టి, చేపల్ని అందులో వేసి, చెంబుతో ఎత్తునుంచి నీళ్ళు పోస్తూ కూర్చున్నాడు. ఒక్కటి కూడా చావలేదు. ఆ విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు.

మా ఆవిడ అరటిపళ్ళు, మిక్చర్ పొట్లాలు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"ఏం చేశార్రా?"

ఆ బహువచనంలో నేనూ ఉన్నానని తెలుస్తూనే ఉంది.

"గొలుసు లాగామక్కా. నీళ్ళు తేరుకున్నాక చూడు, అడుగు ఎలా ఉంటుందో."

"నీళ్ళు తేరుకుంటాయి లేరా. నా మొక్కలు తేరుకుంటాయా?"

మొక్కల్ని బేసిన్లో నీళ్ళలోకి తీసింది. గొట్టంతో బురదనీళ్ళు తోడించింది, కొత్తనీళ్ళు పోయించింది, మళ్ళీ తోడించింది. సాయంత్రానికి తొట్టె అడుగు నిజంగానే తళతళలాడింది. మొక్కలే లేనప్పుడు శుభ్రం చేయడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

స్త్రీల సమాజం వచ్చింది. పెద్దావిడ బైబిలు బల్ల మీద పెట్టి నేరుగా బేసిన్ దగ్గరికి వెళ్ళింది.

"ఆకు తీసేసి పెట్టుకున్నావా అమ్మా! వాడిపోదూ?"

మా వైపు వరినారును ఆకు అంటారు, నాట్లను ఊడ్పులు అంటారు. ఆ సమాజంలో టీచర్లున్నారు, గుమాస్తాలున్నారు, నర్సు ఉంది. వాళ్ళలో చాలామంది చిన్నప్పుడు తల్లుల వెనకాల ఊడ్పులకు వెళ్ళినవాళ్ళే.

"నేను రేపు తీరిగ్గా పెట్టుకుంటానండి" అంది మా ఆవిడ.

"రేపటిదాకా ఆగుద్దేంటమ్మా! పాస్టరమ్మగారూ, ఇవాళ్టికి ప్రార్థన కాస్త కుదించండి."

పాస్టరమ్మగారు కుదించారు. మా ఇంట్లో అంత చిన్న ప్రార్థన ముందెన్నడూ జరగలేదు. ఆమెన్ అనడం, గడియారాలు విప్పడం ఒక్కసారే జరిగాయి. తొట్టెలో ఒకసారికి ఇద్దరి చేతులే పడతాయి కాబట్టి వంతులు వేసుకున్నారు. వంతు రానివాళ్ళు చుట్టూ నిలబడి తప్పులు చెప్పారు.

"అంత లోతుగానా! వేరు పట్టదు, తిప్పుకోదు, పైకి నాటు."

"నీ వరస వంకర పోతోంది."

"వంకర నీ చూపులో ఉందిలే, కళ్ళజోడు పెట్టుకో."

"అక్కడ వద్దండి" అంది మా ఆవిడ. "అది దారి. ఖాళీగా ఉండాలి."

"ఇంత మంచి మట్టి ఖాళీగా వదులుతావా!" అని పెద్దావిడ దారి మధ్యలో మొక్క గుచ్చింది. తర్వాత కర్రకు కట్టాల్సిన ఫెర్న్‌ని కూడా మట్టిలో పాతబోయింది. "అది మట్టిలో పెడితే కుళ్ళిపోతుందండీ" అని మా ఆవిడ పెద్దావిడ చెయ్యి పట్టుకుంది.

"మట్టి పడని మొక్కేంటమ్మా? ఏం మొక్కది?" అని పెద్దావిడ దాన్ని అనుమానంగా చూసి వదిలేసింది.

ఆ పూట మా ఆవిడ కాపాడుకోగలిగింది ఆ ఒక్క ఫెర్న్‌నే. అందరూ వెళ్ళాక హాల్లో కూర్చుని తొట్టెను చూసింది. ముందు నుంచి వెనక్కి, తాడు పట్టినట్టు, వరసలు. వంకర దారి లేదు.

పీకేసి మళ్ళీ పెట్టుకుందామనుకుంది. కానీ ఆదివారం చర్చి మెట్ల మీదే మొదలైంది: "మన ఊడ్పు తిప్పుకుందా అమ్మా?" తర్వాతి ఆదివారం ఇంకొకరు, "మన చేను ఎలా ఉంది?" మొక్కలు తిప్పుకున్నాయి, కొత్త చిగుళ్ళు వేశాయి. సొంతానికని పెట్టుకున్న తొట్టెకు చర్చి నిండా భాగస్తులు తయారయ్యారు. అడుగున మురికి మళ్ళీ పేరుకుంది. ఈసారి దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. సొంత చేలో ఎరువును ఎవరు తప్పుపడతారు?

అప్పుడు మా ఆవిడ ఇంకో మార్గం ఎంచుకుంది. దారి ఉండాల్సిన చోట అప్పుడొకటి, ఇప్పుడొకటి మొక్కలు తీయడం మొదలుపెట్టింది. ఇసుక కొద్దికొద్దిగా బయటపడుతోంది, వంకర తిరుగుతోంది. ఆ పని చేసేటప్పుడు హాలు తలుపు గడియ వేసేది.

ఒకరోజు పెద్దావిడ ఇటుగా వెళుతూ లోపలికి వచ్చింది. మా బావమరిది కూడా ఉన్నాడు. ఆవిడ తొట్టె ముందుకు వెళ్ళి ఆగిపోయింది.

"ఇక్కడ ఆకు ఏమైందమ్మా?"

"చేపలు తినేస్తున్నాయండి" అంది మా ఆవిడ. జీవితమంతా పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి, కనురెప్ప కూడా కదపలేదు.

పెద్దావిడ ఆ అగ్గిపుల్లంత చేపల్ని చూసింది. మా బావమరిది వైపు తిరిగింది.

"ఏం బాబూ, చేపల సంగతి నీకు తెలుసు కదా. ఆ నోటికి అంత గడ్డి పడుద్దా?"

అతను అక్క ముఖంలోకి చూశాడు.

"పడుద్దండి పిన్నిగారూ. చూడ్డానికే చిన్నవండి. వీటంత తిండిపోతులు ఇంకోటి లేవు."

మా ఆవిడ ఆ గొలుసు పూట తర్వాత మొదటిసారి తమ్ముడి వైపు అభిమానంగా చూసింది.

పెద్దావిడ మాత్రం బాధపడింది. మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"దిగులు పడకమ్మా. చేలో ఖాళీలు పడితే మళ్ళీ ఆకు వేసుకోమూ? శుక్రవారం అందరం వస్తాంలే, పూడ్చేద్దాం."